కొట్టినవాణ్ణి వదిలేసి మా చెల్లెల్నే నిలదీస్తున్నారు, పెద్దమనుషులకి ఏం చెప్పాలి?

కొర్లగుంట_అక్క:
మాది తిరుపతి. మా చిన్నాన్న కూతుర్ని పలమనేరు దగ్గర పల్లెకిచ్చారు. మొగుడు తాగొచ్చి కొడతాడు. మొన్న చెవి మీద కొడితే రక్తం వచ్చింది, పుట్టింటికి వచ్చేసింది. పెద్దమనుషులు కూర్చున్నారు, అందులో మావైపు వాళ్లే ఎక్కువ. అయినా మొదటి ప్రశ్న దానికే, "నువ్వేమన్నావమ్మా, వాడికంత కోపం ఎందుకొచ్చింది?" అని. తర్వాత ఫోన్లో ఎవరితో మాట్లాడతావు, అత్తకి ఎదురు చెప్పావా, కూరలో ఉప్పెక్కువైందంట కదా అని ఇంకొకాయన. వాడు అక్కడే కాఫీ తాగుతూ కూర్చున్నాడు, ఎంత తాగావురా అని కూడా ఎవరూ అడగలేదు. అందరికంటే గట్టిగా నిలదీసింది మా పిన్ని, కన్నతల్లి! అదే మింగుడు పడటం లేదు. ఆదివారం మళ్లీ కూర్చుంటారంట. కేసంటే చెల్లెలికి భయం. నేనేం మాట్లాడాలి?

రిటైర్డ్_మాస్టారు:
కొట్టడం తప్పేనమ్మా. కానీ రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు. అమ్మాయి వైపు కూడా ఏముందో కనుక్కోవాలి కదా, తొందరపడి కాపురం చెడగొట్టుకోవద్దు.

బండవేషం:
చప్పట్లకి రెండు కావాలి మాస్టారూ, చెవి పగలగొట్టడానికి ఒకటి చాలు.

మనూళ్లో ఏటా గంగజాతర చేస్తాం, నేను చిన్నప్పట్నుంచీ వేషం కడతాను, మొక్కు. కథేంది? ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు భయపడి దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, దొర వేషంతో బయటికి రప్పించి తల నరికింది. ఆ పిల్లలు ఆ టైమ్‌లో బయటికెందుకు పోయారని ఆ కథ విన్నవాడెవడన్నా అడిగినాడా? ఆ తర్వాత మాతంగి వేషంలో పోయి పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా, నీ మొగుణ్ణి నువ్వు సరిగా చూసుకోలేదు అనలేదు. జాతరలో చీర కట్టి దండం పెట్టేది మనమే, పంచాయితీలో ఉప్పు సంగతి అడిగేదీ మనమే.

మామిడితోట_చిత్తూరు:
అక్కా, మీ పిన్ని ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా మొగుడు కొట్టొచ్చా అని అడిగితే మన ఆంధ్రాలో ఆడవాళ్లే సుమారు 84 శాతం కనీసం ఒకదానికి కొట్టొచ్చన్నారు, మగవాళ్లలో ఆ మాట అన్నవాళ్లు అంతకంటే తక్కువ. అత్తమామల్ని గౌరవించకపోవడం, చెప్పకుండా బయటికి పోవడం, వంట సరిగా చెయ్యకపోవడం, అన్నీ ఆ ఏడింటిలో ఉన్నాయి. ఉప్పు ప్రశ్న ఊరికే రాలేదు మరి.

నాకర్థమైనంతవరకు, తప్పు పిల్లదే అంటే ఎవరికీ పైసా ఖర్చు లేదు, నాలుగు మాటలు చెప్పి బస్సెక్కిస్తే అయిపోతుంది. తప్పు వాడిదని ఒప్పుకుంటే పిల్లని ఇంట్లో పెట్టుకోవాలి, పెట్టిన బంగారం వెనక్కి అడగాలి, పెళ్లికి ఇంకో పిల్ల ఉంటే సంబంధాలు ఎలా అని టెన్షన్. మీ పిన్నికి కూతురి మీద ప్రేమ లేక కాదు, ఇదంతా ముందే లెక్కేసుకుంది. అందుకని ఆదివారం పోయి ఉపన్యాసం చెప్పొద్దు. "అది నా దగ్గర ఉంటుంది, ఖర్చు నాది" అనేసి కూర్చోండి, సగం మంది నోళ్లు మూతపడతాయి. అనగలిగితేనే లెండి, మాట ఇచ్చి వెనక్కిపోతే ఇంకా ఘోరం.

లాయరమ్మ:
ముందు చెవి చూపించండి, కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. ఆసుపత్రిలో మొగుడు కొట్టాడనే చెప్పించండి. పరువు పోతుందని బాత్రూంలో జారిపడ్డానంటే రేపు కోర్టులో ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది.

కేసంటే జైలొక్కటే అనుకుంటారు. 2005 గృహ హింస చట్టం కింద మళ్లీ కొట్టకుండా ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, నెలనెలా ఖర్చులు అడగొచ్చు. ఆ చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు రాసి మేజిస్ట్రేటుకి పంపిస్తారు. మొదటి వాయిదా మామూలుగా 3 రోజులు దాటకూడదని చట్టంలో ఉంది, జరిగేది వేరే అనుకోండి. మొగుడూ అత్తింటివాళ్లూ హింసిస్తే పెట్టే పాత 498ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, అది విడిగా పెట్టే క్రిమినల్ కేసు, చెల్లెలు ధైర్యం తెచ్చుకున్నాక ఆలోచించవచ్చు. అర్జెంటైతే 181 (మహిళా హెల్ప్‌లైన్) లేదా 112 (ఎమర్జెన్సీ)కి ఫోన్ చెయ్యండి.

రిటైర్డ్_మాస్టారు:
డాక్టరుకి చూపించాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ పెద్దల్ని కాదని కాగితాల దాకా పోతే మళ్లీ కలిసే దారి మూసుకుపోతుంది.

కొర్లగుంట_అక్క:
కలవాలో వద్దో అది చెప్పాలి మాస్టారూ, దాన్ని ఇంతవరకు ఎవరూ అడగనే లేదు. సాయంత్రం చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఖర్చు సంగతి మా ఆయనతో మాట్లాడాను, సరే అన్నారు. లాయరమ్మ గారూ, వాళ్లది చిత్తూరు జిల్లా, మేము తిరుపతి. ఫిర్యాదు ఎక్కడివ్వాలి?

లాయరమ్మ:
మీ దగ్గర ఉంటోంది కదా, తిరుపతిలోనే ఇవ్వొచ్చు. తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చాలని గృహ హింస చట్టం సెక్షన్ 27లో ఉంది. తన ఆధార్, చదువు సర్టిఫికెట్లు అత్తింట్లో ఉండిపోయాయేమో అడగండి. ఆ సంగతి రిపోర్టులోనే రాయించాలి.