అప్‌డేట్: అమ్మ ఆయాసానికి ముక్కులో దొరికిన కారణం

రోజూ ఇన్‌హేలర్ వాడుతున్నా అమ్మకు రాత్రిళ్లు పిల్లికూతలు ఆగట్లేదని రెండు నెలల కిందట అడిగాను కదా. ముక్కు కూడా చూపించమన్నారు మీలో కొందరు. ఆయాసానికి ముక్కు డాక్టరేంటని నవ్వుకున్నాను.

సీటీ స్కాన్‌లో సైనస్‌లు మూసుకుపోయి, ముక్కులో పాలిప్స్, అంటే లోపలి పొర వాచి పెరిగిన మెత్తటి బుడిపెలు, కనిపించాయి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకటే దారి, పైన వాపుంటే కింద ఆస్తమా కూడా అదుపు తప్పుతుందన్నారు ఈఎన్‌టీ డాక్టర్. తలనొప్పికి ఏం వేసుకుంటారని ఆవిడ అడిగితే అమ్మ ఆస్పిరిన్ అంది. అది వేసుకున్న గంటా రెండు గంటల్లోనే ఆయాసం ఎక్కువయ్యేదని అప్పుడు వెలిగింది మాకు! పాలిప్స్, ఆస్తమా రెండూ ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ పడవట. అవి బంద్.

ఉప్పునీళ్లతో ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే నడుస్తున్నాయి. ఇన్‌హేలర్ మానలేదు. వారంగా రాత్రి లేవలేదు. వాసన మాత్రం ఇంకా రాలేదు, నిన్న పోపు మాడినా నేనే చెప్పాల్సి వచ్చింది.