డిమెన్షియాలో చెయ్యి బిగుసుకోవడం: మొండితనమా, పార్కిన్సన్సా?

ప్రశ్న (కేర్‌గివర్):
డిమెన్షియా ముదిరిన మనిషికి చొక్కా తొడగబోతే చెయ్యి బిగబట్టేస్తారు. వదిలేస్తే మామూలే. వణుకు లేదు. దుప్పటి అంచు చేతికందితే ఇక వదలరు. కావాలని చేస్తున్నారా, లేక పార్కిన్సన్స్ మొదలైందా? మంచం దగ్గరే తేల్చుకునే దారి ఉందా?

జవాబు (న్యూరాలజీ):
వర్ణన చూస్తే పారటోనియాలా ఉంది, అంటే ఎవరైనా చెయ్యి కదిపితే మనిషి కావాలనుకోకుండానే కండరాలు బిగుసుకోవడం. మోచేతిని ముందు బాగా నెమ్మదిగా, తర్వాత గబగబా మడిచి చాచండి. వేగం పెంచితే బిగుతు పెరిగి, నెమ్మదిస్తే తగ్గుతూ, మడిచినా చాచినా అడ్డుకుంటే అదే. పార్కిన్సన్స్ బిగుతుకు వేగంతో పెద్దగా పనిలేదు, కదలిక పొడవునా ఒకేలా ఉంటుంది. పొరబడేది పక్షవాతం బిగుతు దగ్గర. అదీ వేగంతో పెరుగుతుంది, కానీ ఒక దిక్కునే ఎక్కువ. ఒకచోట పట్టేసి తటాలున వదిలేస్తుంది.

దీనికి రెండో రూపం కూడా ఉంది: అడ్డుకోవడానికి బదులు మీ కదలికకు సాయం చేయడం. మోచేతిని మూడుసార్లు మడిచి చాచి ఒళ్లో వదిలేయండి. చెయ్యి తనంతట తానే మళ్ళీ లేస్తే అది కూడా పారటోనియాయే. "బాగా సహకరిస్తున్నారు" అనుకుని దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

జవాబు (ఫిజియోథెరపీ):
దుప్పటి సంగతి గ్రాస్ప్ రిఫ్లెక్స్ కావచ్చు, అంటే అరచేతికి తగిలినదాన్ని చెయ్యి తనంతట తానే పట్టేయడం. "పట్టుకోకండి" అని చెప్పి, మాటల్లో పెట్టి, రెండు వేళ్ళతో అరచేతిని చిటికెనవేలి వైపు నుంచి బొటనవేలు, చూపుడువేలు నడిమికి కాస్త ఒత్తుతూ నిమరండి. అయినా పట్టేస్తే ఉన్నట్టే. ఆ పట్టు విడిపించడానికి గుంజొద్దు, గుంజేకొద్దీ బిగుస్తుంది. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్ళు వదులవుతాయి.

తొడిగేటప్పుడు ఎక్కువ బిగిసే చేతికి ముందు, విప్పేటప్పుడు ఆ చేతికి చివర. ముంజేతిని వేళ్ళతో బిగించి పట్టకుండా, అరచేతిని తెరిచి కింద ఆనించి లేపండి.

ప్రశ్న (కేర్‌గివర్):
నుదుటి మీద తట్టే పరీక్షతో పార్కిన్సన్స్ తేలిపోతుందట కదా?

జవాబు (న్యూరాలజీ):
తేలదు. కనుబొమ్మల నడుమ పదిసార్లు తట్టినప్పుడు మామూలుగా మొదటి నాలుగైదు తట్లకే రెప్పపాటు ఆగిపోతుంది. ఆగకపోవడం పార్కిన్సన్స్‌లో, అల్జీమర్స్‌లో, ఏ జబ్బూ లేని కొందరు వృద్ధుల్లో కూడా కనిపిస్తుంది. పైగా చెయ్యి కళ్ళ ముందు నుంచి వస్తే ఎవరైనా రెప్ప వేస్తారు. తల పైనుంచి తట్టాలి. బొటనవేలి దిమ్మ మీద గీస్తే గడ్డం అదిరే పరీక్షకు విలువ ఇంకా తక్కువ. గ్రాస్ప్ రిఫ్లెక్స్ అలా కాదు, పెద్దవాళ్ళలో అది ఉంటే మెదడులో ఏదో ఉన్నట్టే లెక్క. ఒక్క చేతికే వస్తే ఎదుటి వైపు ఫ్రంటల్ లోబ్‌లో (మెదడు ముందు భాగంలో) స్ట్రోకో గడ్డో ఉందేమో స్కాన్‌లో చూడాలి.

జవాబు (ఫిజియోథెరపీ):
ఒకటి కలుపుతాను. పారటోనియా నెలల మీద పెరుగుతుంది. బిగుతు రోజుల్లోనే వచ్చిందంటే మందుల చీటీ చూడండి: హాలోపెరిడాల్ లాంటి మానసిక లక్షణాల మందులు కొత్తగా మొదలుపెట్టారా? లేనివి కనిపించే లూయీ బాడీ డిమెన్షియాలో వాటితో తీవ్రంగా బిగుసుకుపోవచ్చు. జ్వరం, మగత కూడా తోడైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.