వెలిగే బంతులతో రాత్రి గోల్ఫ్: టోర్నమెంటా, తమాషానా?

చాండ్లర్ చిన్నోడు:
మా ఫీనిక్స్ (అమెరికాలోని అరిజోనా) ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది. 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. అందుకే మన గ్రూపు జూలై టోర్నమెంట్‌ని రాత్రికి మార్చి, ఎల్‌ఈడీ బంతులతో తొమ్మిది హోల్స్ ఆడదామన్నాను. "అది గోల్ఫే కాదు" అని వాట్సాప్‌లో గొడవ. ఇక్కడ తేల్చుకుందాం.

బోగీ బాబాయ్:
ఆ గొడవ చేసింది నేనే, మళ్లీ చేస్తా. సరదాకి ఆడుకోండి, ఎవరొద్దన్నారు? దానికి కప్పు ఎందుకు? బంతి 45.93 గ్రాములు మించకూడదు, 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అదీ రూలు. కొలతలు సరిపోయాయనే అనుకుందాం. లోపల బ్యాటరీ, బల్బు ఇరికించాక చేతికి తెలిసే దెబ్బే వేరు, డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే గోల్ఫ్ కర్ర) కొట్టినా మామూలు దూరం పోదు. ఇక గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వాలు కనపడకుండా పుట్ చేయడమంటే, అంటే బంతిని హోల్లోకి దొర్లించడమంటే, లాటరీ టికెట్ గీకడమే.

రాత్రి ఆడటం నాకు అభ్యంతరం కాదు. దుబాయ్ ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో ఫ్లడ్‌లైట్ల కింద 2019లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ టోర్నమెంటే జరిగింది. అక్కడ వెలిగింది మైదానం, బంతి కాదు.

నైట్ షిఫ్ట్:
బాబాయ్ గారూ, ఫ్లడ్‌లైట్ల బిల్లు మీరు కడతారా? బంతీ చీకటీ అందరికీ ఒకటే అయినప్పుడు పోటీకి ఏం తక్కువ? నా స్లైస్ (పక్కకి వంగిపోయే షాట్) ఎక్కడ వంపు తిరుగుతుందో పగలెప్పుడూ సరిగా కనపడలేదు. రాత్రి గీత గీసినట్టు కనపడింది, సిగ్గేసింది కూడా. చెరువులో పడితే అడుగున పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, దాన్ని చూస్తూనే పెనాల్టీ రాసుకోవాలి! ఒకటే చిక్కు: కొన్ని రకాలు దెబ్బ తగిలాక ఎనిమిది, పది నిమిషాలకే ఆరిపోతాయి. కబుర్లు తగ్గించి గబగబా నడవాలి.

ఎడారి కుందేలు:
స్కోరు సంగతి తర్వాత. జూలైలో రాటిల్‌స్నేక్‌లు పగటి వేడికి దాక్కుని రాత్రిళ్లు తిరుగుతాయి. గడ్డి దాటి రాళ్లలోకి పోయిన బంతిని వదిలేయాలి, అంతే. యూవీ టార్చ్‌తో మెరిసే రకం బంతులు మాత్రం అసలు తేవద్దు. ఆ వెలుగులో తేళ్లు కూడా నీలం కలిసిన ఆకుపచ్చలో మెరుస్తాయి. మా పెరటి గోడ మీద తేళ్ల కోసం వెతికేది అదే టార్చ్‌తో! బంతి అనుకుని చెయ్యి పెడితే ఎమర్జెన్సీకే.

పాములకంటే మనుషులతోనే నాకు టెన్షన్. ఓ మాదిరి ఆటగాడు డ్రైవర్‌తో కొట్టినా బంతి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ముందు గ్రూపు ఎక్కడుందో చీకట్లో ఎలా తెలుస్తుంది? అందరి మెడలో వెలిగే పట్టీ ఉండాలి, హోల్‌కి ఒక్కటే గ్రూపు ఉండాలి.

గడ్డి మనిషి:
కోర్సు మెయింటెనెన్స్‌లో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. ఎడారిలో నీళ్లు పెట్టేది రాత్రే, పగలైతే ఎక్కువ ఆవిరైపోతాయి. మీరు ఆడితే స్ప్రింక్లర్ల టైము మారుతుంది. పైగా గ్రీన్ మీద బంతి చేసిన గుంట చీకట్లో కనపడదు, ఎవరూ పూడ్చరు. పొద్దున్నే వచ్చే కుర్రాళ్లు తిట్టుకుంటూ పూడుస్తారు. కోర్సు వాళ్లు ఎక్కువ డబ్బు అడిగితే బేరమాడకండి.

చాండ్లర్ చిన్నోడు:
సరే, పార్-3 కోర్సులోనే (అన్నీ పొట్టి హోల్సే ఉండేది) పెడదాం, డ్రైవర్లు ఇంట్లో వదిలి రండి. నలుగురేసి జట్టు, అందరూ కొట్టాక మంచి షాట్ పడిన చోటి నుంచి మళ్లీ అందరూ. ఈ స్కోరు హ్యాండిక్యాప్‌కి (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) ఎక్కించొద్దు. కప్పు మాత్రం ఉంటుంది. బాబాయ్, మీ పేరు రాస్తున్నా.

బోగీ బాబాయ్:
రాసుకో. హోల్లో కూడా లైటు పెట్టించు, లేదంటే పుట్టింగ్ నేను చెయ్యను. ఆ కప్పు మీద "టోర్నమెంట్" అని రాస్తే మాత్రం ఒప్పుకోను.