ఉద్యోగం చేస్తూ అంతర్జాతీయ వ్యాపార న్యాయంలో పీజీ: ఏ కోర్సు పనికొస్తుంది?

ప్రశ్న (కొనుగోళ్ల విభాగం):
నమస్కారమండీ. నేను ఒక తయారీ సంస్థలో కొనుగోళ్లు చూస్తాను. చదివింది కామర్స్, లా కాదు. విదేశీ సరఫరాదారులతో కాంట్రాక్టులన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. ఏ దేశ చట్టం, ఏ చోట ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అన్న క్లాజులు వచ్చేసరికి మాత్రం లీగల్ వాళ్ల కోసం ఆగాల్సి వస్తోంది. ఉద్యోగం మానకుండా పీజీ చేయాలని గట్టిగా ఉంది. లా డిగ్రీ లేకపోతే తీసుకుంటారా? పార్ట్‌టైమ్ మేలా, దూరవిద్య మేలా? మధ్యలో ఆగిపోతుందేమోనని టెన్షన్.

జవాబు (సాయంత్రం క్లాసు):
ఎల్‌ఎల్‌ఎంకి, అంటే లాలో పీజీకి, చాలాచోట్ల లా డిగ్రీ అడుగుతారు. వేరే డిగ్రీతో పాటు సంబంధిత అనుభవం ఉంటే తీసుకునేవీ ఉన్నాయి, అడిగి చూడండి. ఆగిపోతుందన్న భయం ఉంటే సర్టిఫికెట్, డిప్లొమా, ఎల్‌ఎల్‌ఎం అని మెట్లున్న కోర్సు చూసుకోండి. లండన్ యూనివర్సిటీ దూరవిద్యలో ఆ పద్ధతి ఉంది. ఎల్‌ఎల్‌ఎం వచ్చినంత మాత్రాన కోర్టులో వాదించే హక్కు రాదు, అది గుర్తుంచుకోండి.

జవాబు (కాంట్రాక్టుల బల్ల):
నేను షిప్పింగ్ కాంట్రాక్టులు చూస్తూనే పార్ట్‌టైమ్‌లో ఎల్‌ఎల్‌ఎం చేశాను. కోర్సు పేరు చూసి చేరకండి, సిలబస్ తెప్పించుకోండి. సరుకుల అమ్మకం, ఆర్బిట్రేషన్, లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవాళ్ల తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) లాంటి చెల్లింపులు, ఈ మూడూ లోతుగా లేకపోతే మీ పనికి అక్కరకు రాదు.

ఒక్క క్లాజు చూడండి. ‘ఈ కాంట్రాక్టుకు ఫ్రాన్స్ చట్టం వర్తిస్తుంది’ అని ఉందనుకోండి. అక్కడి సివిల్ కోడ్ చూస్తే చాలనిపిస్తుంది. కానీ అంతర్జాతీయ సరుకుల అమ్మకాలపై 1980 నాటి వియన్నా ఒప్పందంలో ఫ్రాన్స్ ఉంది. దాన్ని వద్దనుకున్నట్టు కాంట్రాక్టులో లేకపోతే, ఫ్రాన్స్ చట్టంలో భాగంగా అదే వర్తిస్తుంది. దాని 39వ అధికరణ ప్రకారం సరుకులో లోపం తెలిశాక, లేదా తెలియాల్సిన సమయం నుంచి, సమంజసమైన గడువులో అమ్మినవాళ్లకు చెప్పాలి. సరుకు చేతికొచ్చి రెండేళ్లు దాటితే, గ్యారంటీ గడువు అంతకన్నా ఎక్కువ ఉంటే తప్ప, లోపం గురించి అడిగే హక్కు పోయినట్టే. కొనేవైపు ఉన్న మీకు ఇది ప్రాణప్రదమైన విషయం. గోడౌన్‌లో పెట్టెలు విప్పకుండా పడేస్తే నష్టం మీదే.

ఆర్బిట్రేషన్ కూడా అంతే. అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, గెలవడం ఒక ఎత్తు, అవతలివాళ్ల దేశంలో డబ్బు రాబట్టుకోవడం ఇంకో ఎత్తు. 1958 న్యూయార్క్ ఒప్పందం వల్ల 170కి పైగా దేశాల్లో అవార్డు అమలుకు దారి ఉంది. కోర్టు తీర్పులకు అంత విస్తృతమైన ఏర్పాటు లేదు.

ప్రశ్న (కొనుగోళ్ల విభాగం):
చాలా థాంక్సండీ. ఇంతకీ పార్ట్‌టైమా, దూరవిద్యా?

జవాబు (కాంట్రాక్టుల బల్ల):
వెళ్లగలిగితే పార్ట్‌టైమేనండీ. మా క్లాసులో సగం మంది అమ్మేవాళ్లు, సగం మంది కొనేవాళ్లుగా కూర్చుని ఒక్కో క్లాజుకీ బేరమాడేవాళ్లం. ఎదుటివాళ్లు ఏ పదం దగ్గర పట్టుబడతారో అక్కడే తెలిసింది, పుస్తకంలో అది దొరకదు. ప్రయాణాలు ఎక్కువుంటే దూరవిద్యే నయం. పరీక్షలా, వ్యాసాలా అన్నది కూడా ముందే అడగండి. వ్యాసాలైతే మీ పనిలో ఎదురైన సమస్య మీదే రాయొచ్చు, అయితే ఆఫీసు కాగితాలు మాత్రం బయటపెట్టకూడదు. పరీక్షలైతే ఆ రోజులకు సెలవిస్తామని మీ మేనేజర్ చేత మెయిల్ పెట్టించుకుని ఫీజు కట్టండి.