అప్‌డేట్: ఆటపాక పెలికాన్ ఫొటోలు, అసలు తప్పు తేలింది

గత నెల అడిగాను కదా: కొల్లేరు సరస్సు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో తీసిన పెలికాన్ ఫొటోలు మసకగా వస్తున్నాయి, మా ఫొటోల గ్రూపులో ఏది పెట్టినా "సూపర్ అన్నా" తప్ప ఇంకో మాట రాదు, నేను ఒకతని ఫొటో బాలేదంటే మాట్లాడటమే మానేశాడు అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒక్క సలహా. "ఎలా ఉంది?" అని కాకుండా "కన్ను ఎందుకు షార్ప్‌గా లేదు?" అని అడగమన్నారు చూడండి, అదే. క్రాప్ చెయ్యని ఫొటో, సెట్టింగులతో సహా పెట్టాను. పది నిమిషాల్లో గ్రూపులో ఒక పెద్దాయన పట్టేశారు: షట్టర్ స్పీడ్ 1/250, అంటే సెకనులో 250వ వంతు. ఎగిరే పక్షికి అది చాలదు. 1/2000 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) ఆటోలో వదిలేసి మళ్లీ వెళ్లాను. ఈసారి ముక్కు చివర నీటిచుక్క కూడా కనిపిస్తోంది. తెల్ల ఈకల్లో డీటెయిల్ పోయిందని మళ్లీ చీవాట్లు పడ్డాయి. కాస్త ఉడుక్కున్నాను, నిజమే.

మిగతా సలహాలూ చూశాను. లెన్స్‌ని రిపేర్ షాపులో చూపించాను, దానికేం లేదు. లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దం తీసేసినా తేడా రాలేదు.

అలిగినతనికి విడిగా ఫోన్ చేశాను. "బాలేదు" అనకుండా, నీటి గీత ఎడమకి వాలింది, సరిచేసి చూడు అన్నాను. సరిచేసి పంపాడు. ఈకల గురించి మొదట తిట్టింది కూడా అతనే.