వోలార్ అంటే అరచేయా, ముంజేయా?

మాట_మార్పిడి: ఆసుపత్రి కాగితాలను తెలుగులోకి మార్చే పని నాది. నిన్న మణికట్టు విరిగిన ఒకరి డిశ్చార్జ్ సమ్మరీలో ‘వోలార్ స్ప్లింట్’ అని వచ్చింది. నిఘంటువు చూస్తే వోలార్ అంటే అరచేతికి సంబంధించినది అని ఉంది. ‘అరచేతి వైపు కట్టు’ అని రాశాను. సరిచూసే పెద్దాయన అది కొట్టేసి ‘ముంజేతి లోపలివైపు’ అని దిద్దారు. ఎవరిది తప్పు? అసలు అరచేతికి పామర్ అనే మాట ఉండగా ఈ వోలార్ ఎందుకు?

రెండో_ఏడాది: మాకు అనాటమీలో వోలార్ ఊసే ఉండదండీ. చేతికి పామర్, పాదానికి ప్లాంటర్, ముంజేతికి యాంటీరియర్, అంటే ముందువైపు. 1895లో బాసెల్‌లో ఖరారైన శరీర భాగాల లాటిన్ పేర్లలో ‘వోలారిస్’ ఉండేది. 1955 పారిస్ జాబితాలో దాన్ని తీసేసి ‘పాల్మారిస్’ పెట్టారు, 1998 జాబితాలోనూ అదే. ఎప్పుడో తీసేసిన మాటను పట్టుకుని వేలాడటం దేనికి?

ఎముకల_పని: తమ్ముడూ, అది పుస్తకంలోంచి పోయింది, ఆపరేషన్ థియేటర్‌లోంచి పోలేదు. మణికట్టు దగ్గర రేడియస్ (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక) విరిగితే మేం అడిగేది ‘వోలార్ ప్లేట్’. విరిగిన ముక్క చేతి వెనకవైపు జరిగితే కోలిస్ ఫ్రాక్చర్, ఇటువైపు, అంటే అరచేయి ఉన్న వైపు, జరిగితే స్మిత్. ఆ ‘ఇటువైపు’కే వోలార్ అని పేరు. ముంజేతి మీద అరచేయి లేదు కదా, అక్కడ పామర్ అని ఎలా అంటాం? యాంటీరియర్ అందామంటే, అది అరచేతులు ముందుకు తిప్పి నిటారుగా నిలబడ్డ మనిషి లెక్క. బల్ల మీద బోర్లా పెట్టిన చేతికి ‘ముందు’ ఏది? నేల వైపు.

రెండో_ఏడాది: సార్, యాంటీరియర్ అన్న పేరు శరీరానికి, బల్లకి కాదు. చేయి ఎటు తిప్పినా అది మారదు.

ఎముకల_పని: రూల్ ప్రకారం నీదే కరెక్ట్, ఒప్పుకుంటా. కానీ రాత్రి రెండింటికి ఎక్స్‌రే గురించి ఫోన్‌లో చెబుతున్నప్పుడు, అవతలివాడు ఒక్క క్షణం కూడా ఆలోచించక్కర్లేని మాట కావాలి.

చర్మం_గోల: మీరిద్దరూ చేయి దాటి రావట్లేదు. మాకు ‘వోలార్ స్కిన్’ అంటే అరచేయీ అరికాలూ రెండూ. లాటిన్‌లో వోలా రెండింటికీ వాడిన మాటే. మనం మాత్రం? అరచేయి, అరికాలు అని రెండింటినీ ఒకే తీరులో పిలుచుకోవట్లేదా! ఆ చర్మం మీద రోమాలు ఉండవు, సన్న గీతలు ఉంటాయి. అక్కడి మచ్చను డెర్మోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం లాంటిది) చూసేటప్పుడు రంగు గీతల గాడుల్లో ఉందా, గట్ల మీద ఉందా అన్నదే మొదటి ప్రశ్న. గట్ల మీద ఉంటే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఏమోనని టెన్షన్ మొదలవుతుంది. తమాషా ఏంటంటే, టీబీ కోసం మాంటూ పరీక్ష చేసి 0.1 మిల్లీలీటర్ల మందు చర్మంలోకి ఎక్కించే చోటునీ ‘వోలార్’ ముంజేయి అనే రాస్తాం. అక్కడ రోమాలూ ఉంటాయి, గట్లూ గాడులూ ఉండవు!

మాట_మార్పిడి: అంటే పక్కన ఏ మాట ఉందో చూడకుండా అర్థం చెప్పలేమన్నమాట. స్ప్లింట్ పక్కన ఉంటే ముంజేయి, స్కిన్ పక్కన ఉంటే అరచేయి, అరికాలు. పెద్దాయనకు క్షమాపణ చెప్పాల్సిందే. (పామర్ అంటే పామరులదీ, వోలార్ అంటే పండితులదీ అనుకున్నా ఇన్నాళ్లూ.) అయితే ఆయన ‘లోపలివైపు’ కూడా నాకు నచ్చలేదు. చేతులు వేలాడేసి నిలబడితే ఒంటికి ఆనుకున్న వైపే లోపల అనుకోరూ?

ఎముకల_పని: మంచి పాయింట్. కొందరైతే చిటికెనవేలు వైపు చూపిస్తారు.

చర్మం_గోల: ‘నాడి చూసే వైపు’ అనండి. చదువు రానివాళ్లు కూడా చేయి తిప్పి సరిగ్గా అక్కడే చూపిస్తారు.

రెండో_ఏడాది: నాడి చూసేది బొటనవేలి పక్కన కదా మేడమ్. ఆ వైపు మొత్తానికీ ఎలా సరిపోతుంది?

చర్మం_గోల: చూసే చోటు అనలేదు బాబూ, చూసే వైపు అన్నాను.

మాట_మార్పిడి: ఇలా మార్చాను: ‘మోచేతి కింది నుంచి అరచేతి మడత దాకా, నాడి చూసే వైపున కట్టు వేశారు. వేళ్లు కదపవచ్చు.’ సరేనా?

ఎముకల_పని: ‘కదపవచ్చు’ కాదు, ‘కదుపుతూ ఉండాలి’. లేకపోతే బిగుసుకుపోతాయి. అదొక్కటీ మార్చి పంపేయండి.