నాలుగు ఓటీటీలు, ఒక టీవీ, ఐదుగురు మనుషులు: మీ ఇంట్లో ఎలా సర్దుకుంటున్నారు?

మల్లెపందిరి (ఖమ్మం):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో అత్తయ్యగారు, మేమిద్దరం, పదో తరగతి చదివే అబ్బాయి, ఆరో తరగతి చదివే అమ్మాయి ఉంటాము. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నప్పుడు ప్లానుతోపాటే రెండు ఓటీటీలు వచ్చాయి. ఒక వెబ్ సిరీస్ కోసమని ఒకటి, క్రికెట్ కోసమని మరొకటి చేరి ఇప్పుడు నాలుగయ్యాయి. వాటిలో ఒకదాని వార్షిక చందా మేము చూడటం మానేసిన ఆరు నెలల తరువాత కూడా ఖాతాలోనుంచి తనంతట తానే వెళ్లిపోయింది. అయితే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది డబ్బు కాదు.

అత్తయ్యగారి సీరియల్ టీవీలో ఎనిమిదింటికి మొదలై ఎనిమిదిన్నరకు అయిపోయేది. అది కాగానే ఆమె లేచి, గోరువెచ్చగా చల్లారిన పాలను తోడు పెట్టి, మరునాటి పెసరట్టుకు పెసలు నానబోసి పడుకునేవారు. ఇప్పుడు అదే సీరియల్ పాత భాగాలతో సహా యాప్‌లో వరుసగా దొరుకుతోంది. ఒక భాగం పూర్తిగా ముగియకముందే తెర మూలన తరువాతి భాగానికి సెకన్ల లెక్క మొదలవుతుంది కాబట్టి, ఆమె లేవవలసిన ఘడియ అంటూ రావడం లేదు. ఈ నెలలో నాలుగు రోజులు తెల్లవారి చూస్తే గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. అబ్బాయి కంచం ముందు కూర్చుని ఏది చూడాలో వెతుకుతూ ఉండగానే పప్పన్నం చల్లారిపోతుంది. అన్నీ తీసేయాలన్నది నా ఉద్దేశం కాదు, నేను కూడా చూస్తాను. ఎక్కడ ఆపాలన్నది మీ ఇళ్లలో ఎలా తేల్చుకున్నారో చెప్పగలరా?

పాస్‌బుక్ (విజయవాడ):

మల్లెపందిరి గారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను, అందువల్ల మీరు పక్కన పెట్టిన డబ్బు సంగతితోనే మొదలుపెడతాను. ఫోన్‌లోనుంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ అది ఆగదు. మనం మొదటిసారి డబ్బు కట్టినప్పుడు ఇచ్చిన అనుమతి బ్యాంకు దగ్గరో యూపీఐ దగ్గరో అలాగే నిలిచి ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు కబురు రావాలి. అయితే ఓటీపీ లేకుండా తీసుకోగల మొత్తం పరిమితిని 2022లో 15,000 రూపాయలకు పెంచారు కాబట్టి, ఓటీటీ చందాల వంటి చిన్న మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఆ ముందస్తు సందేశం ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల మధ్య కలిసిపోయి మీ కంట పడి ఉండదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే విభాగం తెరిచి చూడండి, బతికి ఉన్న అనుమతులన్నీ అక్కడే కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయవచ్చు. కార్డుతో కట్టినవాటిని మాత్రం బ్యాంకు సైట్‌లోనో ఆ ఓటీటీ ఖాతాలోనో చూసుకోవాలి. చేరడం తేలికగా, మానుకోవడం కష్టంగా పెట్టే చందా ఉచ్చును 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. రద్దు చేయనివ్వకుండా తిప్పుతుంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఇక ఆపడం గురించి. తరువాతి భాగం దానంతట అదే మొదలుకాకుండా చేసే వీలు చాలా యాప్‌లలో ఉంది, కాకపోతే సెట్టింగులలో ఎక్కడో లోపల ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లోనైతే ప్రతి ప్రొఫైల్‌కూ విడివిడిగా మార్చాలి, కాబట్టి మీదొకటి మార్చి ఊరుకుంటే అత్తయ్యగారిది మారదు. మా ఇంట్లో ఇంకొక పద్ధతి కూడా పెట్టుకున్నాము: ఒక నెలకు ఒకే ఓటీటీ, అది అయ్యాక రద్దు చేసి మరొకటి. ఇంట్లో సగం గొడవ దానితోనే తగ్గింది.

పాత కేబుల్ (తెనాలి):

పాస్‌బుక్ గారి లెక్క ఇద్దరే ఉండే ఇంటికి సరిపోతుందేమో గానీ, ఐదుగురున్న ఇంట్లో ఈ నెల ఎవరి నెల అన్న దగ్గరే పంచాయతీ మొదలవుతుంది. నేను పద్దెనిమిదేళ్లు కేబుల్ నడిపినవాణ్ణి. సాయంత్రం ఏడు తరువాత తీగ తెగిందంటే వీధిలోని ఆడవాళ్లు నా ఇంటికే వచ్చేవారు, నేను అన్నం వదిలి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లేవాణ్ణి. అప్పుడు ఇంటికొక టీవీ, టీవీకొక రిమోటు, రిమోటుకు పది తగాదాలు. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ తగాదాలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి, నా కనెక్షన్లూ తగ్గుతూ వచ్చాయి. ఇందులో నా కడుపుమంట కొంత ఉందని ఒప్పుకుంటాను.

అయినా ఒక మాట చెప్పాలి. రిమోటు కోసం కొట్లాడుకునే ఇంట్లో నాన్నగారి వార్తలు పిల్లల చెవిన పడేవి, పిల్లల కార్టూను తాతగారు చూసేవారు. ఇప్పుడు ఎవరి ఫోన్ వారిది, ఎవరి ఇయర్‌ఫోన్ వారిది, కొట్లాట లేదు గానీ కలిసి నవ్వడమూ లేదు. అందుకని నా సలహా ఏమిటంటే, మీ అబ్బాయి ఫోన్‌లో ఓటీటీలు తీసేసి, చూసేదేదో హాలులో టీవీలోనే చూడమనండి. నాణ్యత మంచిదిగా పెట్టి చూస్తే గంటకు మూడు జీబీ దాకా ఖర్చవుతుంది కాబట్టి, రోజుకు రెండు జీబీల మొబైల్ డేటా మీద అతను ఎలాగూ ఎక్కువసేపు చూడలేడు. ఇంట్లో వైఫై పాస్‌వర్డు మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

ఫ్రిస్కో నాన్న (టెక్సాస్):

పాత కేబుల్ గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే మాకు కలిసి చూడటం మళ్లీ దొరికింది ఈ యాప్‌ల వల్లనే. మా అమ్మ గుంటూరులో ఒంటరిగా ఉంటుంది. 2020 అక్టోబరులో ‘కలర్ ఫోటో’ థియేటరుకు వెళ్లకుండా నేరుగా ఆహా అనే తెలుగు ఓటీటీలో విడుదలైనప్పుడు, ఇక్కడ మేమూ అక్కడ అమ్మా ఒకేసారి మొదలుపెట్టి ఫోన్ స్పీకరులో పెట్టుకుని చూశాము. మచిలీపట్నం కనిపించినప్పుడల్లా అమ్మ ఆపించి, అక్కడి చుట్టాల సంగతులు చెప్పింది. రెండున్నర గంటల సినిమాకు నాలుగు గంటలు పట్టింది. అప్పటినుంచి అదొక అలవాటుగా మారింది. వేసవిలో మాకు శనివారం రాత్రి తొమ్మిదైతే అమ్మకు ఆదివారం ఉదయం ఏడున్నర, ఆమె కాఫీ కలుపుకుని కూర్చుంటుంది. మా పెద్దవాడికి వచ్చిన తెలుగులో సగం ఆ విరామాలలో నానమ్మ చెప్పిన మాటలే.

ఇబ్బందులు లేవని కాదు. హక్కులు దేశానికొక రకంగా అమ్ముడవుతాయి కాబట్టి, అమ్మకు కనిపించే సినిమా ఒక్కోసారి మాకు ఉండదు. ఆమె కథ మొత్తం ఫోన్‌లోనే చెప్పేస్తుంది.

మల్లెపందిరి (ఖమ్మం):

అందరికీ ధన్యవాదాలు. ఆటోపే తెరిచి చూస్తే ఓటీటీలవే కాక, ఎప్పుడో ఇచ్చి మరచిపోయిన పాటల యాప్ అనుమతి కూడా ఒకటి బయటపడింది. రెండు రద్దు చేశాము. అబ్బాయి ఫోన్ గురించి ఇంకా మాట్లాడలేదు, పరీక్షలు అయ్యాక మాట్లాడదామని వారి నాన్నగారు అన్నారు.

అత్తయ్యగారి ప్రొఫైల్‌లో మాత్రం నిన్ననే ఆ అమరిక మార్చాను. రాత్రి ఒక భాగం అయిపోయి తెర అలాగే నిలబడిపోతే, టీవీ చెడిపోయిందేమో చూడమని నన్ను కేకేశారు. చెడిపోలేదు, అయిపోయింది అన్నాను. కాసేపు తెరవంక చూసి లేచి వంటింట్లోకి వెళ్లారు. ఈ పొద్దున పెరుగు గడ్డలా తోడుకుంది గానీ, మళ్లీ పాతలాగే పెట్టమని మధ్యాహ్నం రెండుసార్లు అడిగారు. ఇంకా పెట్టలేదు.